మగ్గం దగ్గర అనకూడని మాట

ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధుల్లో ఒక కట్టు ఉంది. మగ్గం మీద ఉన్న గుడ్డను చూసి ఎవరూ నోరు తెరిచి మెచ్చుకోకూడదు. చుట్టం వచ్చినా, బట్టలు కొనే షావుకారు వచ్చినా, "ఊఁ, నడుస్తాండాది" అని తల ఊపి పక్కకు తిరగాలి. "అబ్బ!" అన్నారంటే దిష్టి. దారం తెగుతుంది, లేదంటే నేసేవాడికే ఏదో ఒకటి అవుతుంది. ఈ కట్టు ఎవరు పెట్టారో తెలియదు. మా వీధి అమ్మవారు చౌడమ్మ తల్లి చెప్పిందా అంటే, చెప్పినట్టు ఎక్కడా వినలేదు. అయినా అందరం పాటిస్తాం.

మా వీధిలో ఉండే నాగేంద్రమ్మ దీన్ని మగ్గంతోనే ఆపలేదు. పెళ్ళయిన కొత్తల్లో ఆమెకు మగపిల్లవాడు పుట్టాడు. వీధి వీధంతా వచ్చి "అబ్బ, ఎంత కళగుండాడో" అన్నారు. ఏడాది నిండకుండానే జ్వరం వచ్చి బిడ్డ పోయాడు. ఆ తర్వాత పుట్టిన శ్రీవాణిని చూసి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఆ పిల్ల పదో తరగతిలో బడికంతా మొదట వచ్చినప్పుడు కూడా నాగేంద్రమ్మ, "సరేలే, కాళ్ళు కడుక్కో, తిందువు" అన్నది. భర్త కేశవయ్య నేసిన చీరను మగ్గం మీదనుంచి కోసి ఆమె చేతిలో పెడితే, అంచులో ముడి ఎక్కడైనా పడిందా అని వెతికేది. ముడి లేకపోతే మడిచి లోపల పెట్టేది. కేశవయ్యకు అదే మెప్పు అనుకోవాలి.

ఇప్పుడు శ్రీవాణి డిగ్రీ పాసై, బస్టాండు దగ్గర మందుల అంగడి మిద్దె మీద నడిచే స్పోకెన్ ఇంగ్లీషు సెంటరులో పాఠాలు చెబుతోంది. బెంగళూరు హోటళ్ళలో, ఫోన్ల కంపెనీల్లో పనికి పోవాలనుకునే పిల్లలు వస్తారు. రేపటి పాఠాన్ని ఆమె ముందురోజు సాయంత్రం ఇంట్లో పైకి చెప్పుకుంటుంది. అమ్మ రాట్నం ముందు కూర్చుని నేతకు కావలసిన దారం కండెలు చుడుతూ ఉంటుంది. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తూ ఉంటాడు. ఎవరి పని వాళ్ళది.

మాఘమాసంలో ఒక సాయంత్రం పాఠం, ఆశ్చర్యపోతే ఏమనాలి అన్నది.

"చిన్న సంతోషానికి 'వావ్'. నోరు గుండ్రంగా తెరవాల. ఎవురన్నా కొత్త సంగతి చెప్తే 'రియల్లీ?' అనాల, చివర గొంతు పైకి పోవాల. పోకుంటే వాళ్ళు చెప్పింది మనం నమ్మనట్ల ఉంటాది. 'నో వే' స్నేహితుల దగ్గరే. మేనేజరు దగ్గర అనకూడదు. అనుకోకుండా మనిషి వస్తే 'వాట్ ఎ సర్‌ప్రైజ్'. శానా పెద్ద సంగతైతే 'ఐ కాంట్ బిలీవ్ ఇట్'. ఇంగ 'ఓ మై గాడ్' ఉండాది. అది మంచికీ చెడ్డకీ రెండింటికీ. గొంతును బట్టి తెలుస్తాది."

"దేవుణ్ణి అట్ల ఊరికే పిలుస్తారా?" అన్నది నాగేంద్రమ్మ రాట్నం ఆపకుండానే.

"పిలుస్తారు మా. వాళ్ళకు అలవాటు."

"పిలిస్తే ఆయన వస్తాడు గదా. వచ్చి 'ఏం కావాల' అంటే, 'ఏం లే సామీ, దోసె బాగుండాది' అంటారా?"

మగ్గం గుంతలోంచి కేశవయ్య నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు చాలాసేపు ఉంది. రాట్నం ఆగింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఆ దగ్గు అయిపోయేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పోయిన దీపావళి తర్వాత కర్నూలులో డాక్టరు సంగతి చెప్పాడు. ఊపిరితిత్తుల్లో జబ్బు బాగా ముదిరిందనీ, కోసే దశ దాటిపోయిందనీ, ఇంట్లో ఉంచి నొప్పికి మందులు వేయడమే మంచిదనీ. కేశవయ్యకు ఎవరూ చెప్పలేదు కాని ఆయనకు తెలుసు. వచ్చేటప్పుడు బస్సులో, "ఈసారి అమ్మోరి చీర వంతు మనదే గదా, ఎట్లయినా నేసేయాల" అన్నాడు.

ఉగాదికి ముందు మా వీధి చౌడమ్మకు కొత్త చీర కట్టాలి. ప్రతి ఏడూ ఒక ఇంటికి వంతు పడుతుంది. బయటివాళ్ళ చేత నేయించకూడదు. వంతు పడిన ఇంటివాళ్ళే నేయాలి. కేశవయ్య ఆకుపచ్చ చీరకు కుంకుమరంగు అంచు పెట్టాడు. అంచులో చిన్న చిన్న దీపాల వరస. ఓపిక ఉన్నప్పుడు గుంతలోకి దిగి జానెడు నేస్తాడు. లేనప్పుడు పక్కన మంచం మీద పడుకుని దాన్నే చూస్తుంటాడు.

దగ్గు తగ్గాక నీళ్ళు తాగి అన్నాడు, "వాణీ, నీ పాఠంలో మీ అమ్మను గూడా చేర్చుకో. ఎప్పుడన్నా ఒగసారి ఈయమ్మ నా చీరను చూసి 'అబ్బ' అంటే వినాలని ఉండాది నాకు."

"నేనేమన్నా అంటే నీకు మంచిదా?" అన్నది నాగేంద్రమ్మ.

"మంచిదా చెడ్డదా అని గాదు మే. వినాలని ఉండాది, అంతే."

ఆయన తమాషాగానే అన్నాడు. నాగేంద్రమ్మ తమాషాగా తీసుకోలేదు. ఆయనను ఇంకా ఇంట్లో నిలబెట్టి ఉంచింది మందులు కాదని ఆమె నమ్మకం. ప్రతి సాయంత్రం ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసేది. గుమ్మానికి నిమ్మకాయ మార్చేది. గురువారం ఒక్కపొద్దు ఉండి మంత్రాలయం దిక్కు తిరిగి దండం పెట్టేది. వీటన్నిటికంటే గట్టిది తన నోరు. ఇన్నేళ్ళు మూసుకుని కాపాడింది. ఇప్పుడు, అన్నిటికంటే అపాయంలో ఉన్నప్పుడు, దాన్ని ఎట్లా తెరుస్తుంది? అట్లా అని ఆ మనిషి అడిగింది ఏమిటి? పాలు కాదు, పండ్లు కాదు. ఒక మాట. అది కూడా ఇవ్వకుండా పంపిస్తే ఆ పాపం ఏ గుడిలో పోతుంది?

రెండు రోజులు ఇదే ఆలోచించి ఆమె కూతురి దగ్గరికి వచ్చింది. శ్రీవాణి జడ వేసుకుంటోంది.

"వాణీ, ఆ ఇంగ్లీషోళ్ళు అట్ల నోరారా అంటారు గదా. వాళ్ళకు దిష్టి తగలదా?"

"వాళ్ళకూ భయముండాదిలే మా. మంచి మాట అన్యాక పక్కన చెక్క ఏదుంటే దాన్ని చేత్తో ముట్టుకుంటారు. అప్పుడు చెడు జరగదంట."

"చెక్కా?"

"ఊఁ. బల్లో, కుర్చీనో. చెక్కదైతే సాలు."

నాగేంద్రమ్మ ముఖం విప్పారింది. "మగ్గం చెక్కదే గదమ్మే!"

శ్రీవాణి జడ వదిలేసి అమ్మను చూసింది. ఆమె ఎప్పుడూ లేనంత వేగంగా మాట్లాడుతోంది. దిష్టి ఈ నేల మీద పుట్టింది, దానికి తెలిసేది మన మాటలే. ఇంగ్లీషులో అంటే దానికేం అర్థమవుతుంది? పైగా చెయ్యి చెక్క మీదనే ఉంటుంది. రెండు కాపులు. "ఆ చిన్న మాట నేర్పు నాకు. నోరు గుండ్రంగా తెరిచేది."

ఆ సాయంత్రం వంటింట్లో పాఠం జరిగింది. నాగేంద్రమ్మ ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి. మాట తొందరగానే వచ్చింది. గొంతే రాలేదు.

"అట్ల గాదు మా. ధరలు చెప్పినట్ల చెప్తాండావు. గొంతు పైకి పోయి కిందికి రావాల. కండ్లు గూడా పెద్దవి కావాల."

"కండ్లు పెద్దవి జేస్తే రాచ్చసి లెక్క ఉంటాది."

"నిజంగా ఆశ్చర్యపోతే వాటంతటవే అవుతాయి."

"నిజంగా అయినా ఇన్నేండ్లూ కండ్లు చిన్నవి చేసుకునేదే గదా నేను నేర్చుకునింది," అన్నది నాగేంద్రమ్మ. "సరే, ఇంగోసారి అను" అన్నది శ్రీవాణి.

మర్నాడు ఉదయం కేశవయ్య గుంతలోకి దిగి నేస్తున్నాడు. నాగేంద్రమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి మగ్గం పక్కన నిలబడింది. కుడిచెయ్యి మగ్గం నిట్టాడు కొయ్య మీద గట్టిగా పెట్టింది. అంచులో దీపాల వరసను చూసింది. గొంతు సవరించుకుంది.

"వావ్," అన్నది.

దారాల మధ్య అటూ ఇటూ పోయే నాడె కేశవయ్య చేతిలో ఆగింది. చుట్టూ చూశాడు. "ఏమ్మే, పిల్లిని తోలుతాండావా?"

"పిల్లి లేదు ఏం లేదు. నీ చీరకు."

"నా చీరకేమైంది?"

"బాగుండాదని. ఇంగ్లీషులో." చెయ్యి మాత్రం చెక్క మీదనుంచి తీయలేదు.

తలుపు దగ్గర నిలబడిన కూతుర్ని చూసి ఆయనకు సంగతి అర్థమైంది. నవ్వడం మొదలుపెట్టాడు. చాలా నెలల తర్వాత కడుపులోంచి వచ్చిన నవ్వు. "ఓరి నా తల్లీ! అబ్బ అనవే అంటే ఏకంగా ఇంగ్లీషోళ్ళ సీమ నుంచి మాట తెప్పించినావే! మా నాయన ఉండి ఇది వినింటే..." నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ఆయన గుంతలోంచి పైకి రాలేకపోయాడు. ఇద్దరూ చంకల కింద చేతులు వేసి లాగి మంచం మీద పడుకోబెట్టారు. భుజం మీది తువ్వాలుకు నెత్తురు అంటింది.

నాగేంద్రమ్మ తువ్వాలు ఉతికి ఆరేసింది. దీపం పెట్టాక కూతురితో, "ఇంగ్లీషైనా తెలిసిపోయింది ఆ దిష్టికి" అన్నది.

"నాయన నవ్వితే దగ్గు వచ్చింది మా. అంతే."

"నవ్వించింది ఎవురు?"

ఆ రోజు తర్వాత కేశవయ్య గుంతలోకి దిగలేదు. చీరలో కొంగు మిగిలిపోయింది. పక్కింటి శేషన్న వచ్చి, "అన్నా, నేను నేస్తా, అమ్మోరు ఏమీ అనుకోదు" అన్నాడు. కేశవయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇంటోళ్ళే నేయాల శేషా. మా ఇంట్ల ఇంగా ఒగరుండారు గదా."

నాగేంద్రమ్మ పైట నడుముకు దోపుకుని గుంతలోకి దిగింది. పెళ్ళికి ముందు పుట్టింట్లో నేసిన చేతులే. ఈ ఇంటికి వచ్చాక కండెలు చుట్టడం, గంజి పెట్టడం, దారాలు సరిచేయడం. ఇంట్లో ఒక్క మగ్గం ఉంటే దాని ముందు మగవాడే కూర్చుంటాడు. మొదటి రోజు కాళ్ళు తడబడ్డాయి. ఆ తర్వాత కాళ్ళకు గుర్తొచ్చింది. కేశవయ్య మంచం మీద పక్కకు తిరిగి పడుకుని, ఆమె భుజం కదలికను చూస్తూ ఉండేవాడు. ఎక్కడైనా తప్పు పోతే చెబుదామని ఆయన అనుకున్నాడు. చెప్పాల్సిన పని పడలేదు.

కొంగు సగమైన రోజు ఆయన మోచేతి మీద లేచి కూర్చున్నాడు. నేసిన మేరను బాగా చూశాడు.

"అబ్బ!" అన్నాడు.

నాగేంద్రమ్మ చేతులు బిగుసుకుపోయాయి.

"అబ్బ, ఏం నేసినావే! నా నేతకూ నీ నేతకూ యాడ కలిసిందో నాకే తెలీలేదు. ఇంత పనితనం పెట్టుకోని ఇన్నేండ్లూ కండెలు చుడ్తా కూసున్నావా?"

"అనొద్దప్పా," అన్నది ఆమె. "మగ్గం మీద ఉండాది."

"నేనంటే నీకు తగలదులే. నాకంటావా, నాకింగ తగిలేదేముండాది?"

ఆమె తల వంచుకుని నేసింది. కాసేపటికి కంటినీళ్ళు అడ్డం వచ్చి అంచు కనబడలేదు. గుడ్డ మీద పడతాయేమోనని తల పక్కకు తిప్పి పైటతో తుడుచుకుంది. పెళ్ళయినప్పటినుంచి ఆమెను చూసి ఎవరూ ఆ మాట అనలేదు. వింటే ఇట్లా ఉంటుందని ఆమెకు తెలియదు. ఒళ్ళంతా వేడెక్కి, ఎక్కడో లోపల ఏదో విప్పుకున్నట్టు ఉంది. భయం వేయాల్సింది. వేయలేదు. ఆ మనిషి తనను అడిగింది దీన్నే కదా అనిపించింది.

ఉగాదికి ముందు శుక్రవారం అమ్మవారికి చీర కట్టారు. కేశవయ్యను ఆటోలో తీసుకుపోయారు. శేషన్న ఇంటినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గుడి వసారాలో, లోపలికి కనబడే చోట వేశాడు. నాగేంద్రమ్మ కుర్చీ పక్కన నిలబడింది, శ్రీవాణి వెనక. పూజారి తెర తీశాడు.

ఆకుపచ్చ చీరలో తల్లి నిలబడి ఉంది. హారతి వెలుగు అంచు మీద పడినప్పుడు కుంకుమరంగులో ఆ చిన్న దీపాలన్నీ ఒక్కసారి వెలిగినట్టు కనిపించాయి. గుడి నిండా ఆడవాళ్ళు "అబ్బ!" అన్నారు. "అమ్మా, ఏం కళ తల్లీ!" అన్నారు. అమ్మవారికి దిష్టి లేదు. అందరి దిష్టీ తీసేది ఆమే. అందుకే మా వీధిలో మనసారా మెచ్చుకోగలిగిన చీర అదొక్కటే. ఏడాది మొత్తం నోట్లో దాచుకున్నదంతా జనం ఆ ఒక్క రోజు బయటపెడతారు.

కేశవయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి పక్కనున్న భార్యను చూశాడు. అడగలేదు. ఊరికే చూశాడు.

నాగేంద్రమ్మ అమ్మవారిని చూడడం లేదు. ఆయన్నే చూస్తోంది. మెడ సన్నగిలి, చొక్కా వదులై, కుర్చీలో చిన్నపిల్లవాడిలా కూర్చున్నాడు. మోకాళ్ళ మీద పెట్టుకున్న చేతులు మాత్రం తగ్గలేదు. వేళ్ళు పొడుగ్గా, కణుపులు గట్టిగా, అట్లాగే ఉన్నాయి.

"అబ్బ," అన్నది నాగేంద్రమ్మ. "ఏం నేసినావయ్యా!"

చుట్టూ ఉన్న సందట్లో ఆ మాట కలిసిపోయేదే. ఆయన విన్నాడు.

"ఎవురికి మే, అమ్మోరికా, నాకా?"

అమ్మవారికి అని చెప్పి ఉంటే సరిపోయేది. తల్లి చాటున ఆ మాట దాగేది. దిష్టి ఎవరికీ తగిలేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వెనక నిలబడిన శ్రీవాణికీ తెలుసు.

"నీకే," అన్నది.

ఆయన చెయ్యి చాచి ఆమె ముంజేతిని పట్టుకున్నాడు. తీర్థం ఇచ్చేదాకా వదల్లేదు.

ఉగాది పచ్చడి నాలుకకు రాసుకున్నాడు. పంచాంగం చదివేటప్పుడు మేలుకునే ఉన్నాడు. ఆ వారం దాటలేదు. తెల్లవారుజామున నీళ్ళు అడిగి, రెండు గుక్కలు తాగి, మూడోది తాగలేదు.

కర్మలు అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. శ్రీవాణి మళ్ళీ సెంటరుకు పోతోంది. ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి నాగేంద్రమ్మ మగ్గం గుంత గట్టు మీద కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుని ఉంది. మగ్గం మీద దారం లేదు.

"వాణీ, నువ్వు సదువుకున్నావు. నిజం చెప్పు. నేనన్నందుకే పోయినాడా?"

"లేదు మా! డాక్టరు ముందే చెప్పినాడు గదా. నువ్వు అన్యా అనకపోయినా..."

"డాక్టరు చెప్పింది నేనూ విన్యా."

"మరింగేంది? నీ మాటకూ నాయన పోయినదానికీ ఏం సంబంధం లేదు. నేను చెప్తాండా గదా."

నాగేంద్రమ్మ కూతురు చెప్పింది నమ్మినట్టే తల ఊపింది.

"అయితే ముందే అనింటే గూడా ఏం కాకపోయుండు," అన్నది.

శ్రీవాణి భుజం మీది సంచి దించింది.

"పెండ్లయిన కొత్తల్ల నాకు జరీ అంచు చీర నేసినాడు. కోసి, నా భుజం మీద ఏసి, నా మొగం చూసినాడు. నేను అంచు తిరగేసి ముడులు చూసినా. ఆ పొద్దు అనుండచ్చు. ఎన్ని చీరలు, వాణీ! ఒగొగటీ నా చేతుల మీంచే పోయింది. నా మాట తగిలి పోయినాడంటే ఆ పాపం మోస్తా, మోయగలను. తగల్లేదంటాండావే, అప్పుడు నేను ఇన్నేండ్లూ దేన్ని కాపాడినట్టు?"

శ్రీవాణి రోజంతా పిల్లలకు ఏ సంగతికి ఏ మాట అనాలో చెప్పి వచ్చింది. ఇంటికి వచ్చి అమ్మ పక్కన గట్టు మీద కూర్చోవడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

నాగేంద్రమ్మ తల తిప్పి కూతుర్ని చూసింది. చాలాసేపు చూసింది. ఎండలో నడిచి వచ్చిన ముఖం, నాయన పోలికే అయిన పెద్ద కళ్ళు, ఎవరూ ఇప్పటిదాకా మెచ్చుకోని పిల్ల. నాగేంద్రమ్మ చెయ్యి లేచి శ్రీవాణి చెంప మీదికి వచ్చింది. పెదవులు కదిలాయి.

మాట అమ్మ గొంతు దాకా రావడం, అక్కడ నిలబడిపోవడం శ్రీవాణికి కనిపించింది. మిగిలింది ఈ బిడ్డ ఒక్కతే. నాగేంద్రమ్మ కళ్ళల్లోకి మళ్ళీ ఆ పాత భయం వచ్చింది.

"సరేలే," అన్నది చివరికి చెయ్యి తీసేసి. "కాళ్ళు కడుక్కో పో. తిందువు."

"పర్వాలేదు మా," అన్నది శ్రీవాణి. అని, కాళ్ళు కడుక్కోవడానికి లేచింది.